గంటా పది నిమిషాలు

జూన్ 3, సోమవారం

తల వంచుకునే రాస్తున్నాను. వేరే దారి లేదు. మంచం అంచున బోర్లా పడుకుని, నుదుటి కింద దిండు పెట్టుకుని, కింద స్టూలు మీద ఈ పుస్తకం. మా టైలరింగ్ షాపులో పాత కొలతల పుస్తకం ఇది. ముందు పేజీల్లో ఎవరెవరివో ఛాతీలు, నడుములు, భుజాలు. నేను వెనక నుంచి మొదలుపెట్టాను.

కుడికంటి లోపలి పొర ఊడిపోయిందట. శనివారం ఆపరేషన్ చేసి అతికించారు. అది మళ్ళీ ఊడకుండా కంట్లో గ్యాసు నింపారు. అది బుడగలా పైకి తేలుతుంది కాబట్టి, తల కిందికి ఉంటేనే వెనకనున్న పొరకి ఆనుకుంటుందట. పదిరోజులు తిండికీ స్నానానికీ తప్ప తల ఎత్తకూడదు. బుడగ పూర్తిగా కరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. అంతవరకు విమానం ఎక్కకూడదు. పైకి వెళ్ళేకొద్దీ బుడగ ఉబ్బుతుంది, కన్ను పోతుంది. చేతికి ఆకుపచ్చ పట్టీ కట్టారు, దాని మీద అదే రాసి ఉంది.

ఎనిమిదో తారీకు విమానం టికెట్లు మా ఆయన రద్దు చేశారు. అక్క ఆపరేషన్ ఆగిపోయింది. నా కిడ్నీ తీసి అక్కకి పెట్టే ఆపరేషన్.

ఆ భగవంతుడు ఏం చేసినా అందులో ఏదో ఒక మంచి ఉంటుంది.

జూన్ 4, మంగళవారం

మంచం నుంచి గుమ్మం దాకా పదకొండు పలకలు. నాలుగోది పగిలింది. ఈ ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను, ఇవాళే చూశాను.

జూన్ 6, గురువారం

ఆయన బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ బండి ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది, ఎందుకు ఆలస్యమైంది, ఇరవై ఆరేళ్ళుగా ఇదే రాత. ఇవాళ డ్యూటీ దిగి వచ్చి, నా మొహం కనబడాలని తనూ నేల మీద కూర్చుని, మెడ వంచి, ఒక కాగితం నా కళ్ళ కింద పెట్టారు.

"చూడు. మన విమానాశ్రయం నుంచి మీ అక్క ఊరి విమానాశ్రయానికి గాల్లో సూటిగా ఆరువందల పన్నెండు కిలోమీటర్లు. అదే రోడ్డు మీద తొమ్మిదివందల నలభై. ఎందుకంత తేడా?"

"మధ్యలో కొండలు కదండీ."

"కొండలే. రోడ్డయినా రైలయినా ఆ కొండ ఎక్కి దిగాల్సిందే. విమానానికి కొండా లేదు గిండా లేదు. గంటా పది నిమిషాలు. అందులో ఇరవై నిమిషాలు ఎక్కడం, పాతిక నిమిషాలు దిగడం. నిజంగా పైన ఉండేది పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాలకే నీ బుడగ ఉబ్బిపోతుందా?"

"డాక్టరమ్మ చెప్పింది కదండీ."

"ఆవిడ చెబుతుంది. ఎనిమిది వారాలంటే యాభై ఆరు రోజులు. గంటా పది నిమిషాల ప్రయాణానికి యాభై ఆరు రోజులు స్టాండులో నిలబడ్డ బండి నా సర్వీసులో లేదు."

నవ్వొచ్చింది. నవ్వితే కన్ను సలుపుతోంది.

రైలు సంగతి కూడా డాక్టరమ్మని ఫోన్‌లో అడిగారు. కొండ మీదుగా పోయే రైలు కూడా వద్దందట. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం... ఏమీ అనిపించలేదు. మందు మత్తు వల్ల కాబోలు.

జూన్ 9, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. ఆయన ఫోన్‌ని నేల మీద నా ముఖానికి కింద పెట్టి వెళ్ళారు.

"ఏమే చిట్టీ, నేల మీద ఏముంది?"

"పదకొండు పలకలక్కా. ఒకటి పగిలింది."

"నాకు పైన ఫ్యాను. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు, అదే ఫ్యాను. దానికి మూడు రెక్కలని ఇప్పుడు కళ్ళు మూసుకున్నా చెబుతాను. నువ్వు కింద, నేను పైన. మధ్యలో ఏం జరుగుతోందో మనిద్దరిలో ఎవరికీ తెలీదు."

అక్క ఎప్పుడూ ఇంతే. రక్తం శుభ్రం చేసే మెషీన్ పక్కన పడుకుని కూడా నర్సులని నవ్విస్తుందట. బావగారు చెబుతుంటారు. నాలుగేళ్ళయింది ఆ మెషీన్ పట్టుకుని. ఈ మధ్య దాని తర్వాత రెండు రోజులు లేవలేకపోతోంది.

"తొందరేం లేదు, కన్ను చూసుకో" అంది. చివర్లో, "ఎనిమిది వారాలంటే ఎనిమిదేనా?" అంది.

"అంతేనట అక్కా."

పెట్టేశాక చాలాసేపు ఆ నాలుగో పలక చూస్తూ ఉన్నాను.

అవునని నేనెప్పుడన్నాను? గుర్తు చేసుకోవాలని చూశాను. మార్చిలో పరీక్షల ఫలితం వచ్చింది. తమ్ముడికి షుగరు, పనికిరాడు. బావగారి రక్తం కలవలేదు. నాది కలిసింది. ఫోన్‌లో బావగారు ఏడ్చేశారు. "అమ్మా, నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను" అన్నారు. మా ఆయన నా వైపు తిరిగి, కళ్ళనిండా నీళ్ళతో, "మా ఆవిడ సంగతి మీకు తెలీదా అన్నయ్యగారూ, అడగాలా?" అన్నారు. నేను తల దించుకున్నాను. అంతే. ఎవరూ అడగలేదు. అడిగితే అవుననేదాన్నేమో.

అవుననేదాన్ని. ఎందుకనను? తోడబుట్టింది.

జూన్ 11, మంగళవారం

తల ఎత్తమన్నారు. పది రోజుల తర్వాత గోడ మీద దేవుడి పటం చూశాను. ముందు ఎడమ కంటితో, తర్వాత కుడి కంటితో. కుడి కంట్లో మసక. ఆ మసకలో ఒక గీత, చెంబులో నీళ్ళు ఊగినట్టు ఊగుతోంది. ఆ గీతే బుడగ అంచు. డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకు కూతురుంటే ఆ వయసుండేది. ఎంత చక్కగా చెప్పిందో.

"రోజురోజుకీ గీత కిందికి జారుతుందమ్మా. తర్వాత కిందికి చూసినప్పుడు గుండ్రంగా కనిపిస్తుంది. చిన్నదవుతూ అవుతూ ఒకరోజు మాయమవుతుంది. అందరికన్నా ముందు మీకే తెలుస్తుంది. వేరేవాళ్ళు చూడలేరు, నేను మెషీన్‌లో చూస్తే తప్ప."

"నాకొక్కదానికే తెలుస్తుందా?"

"మీకొక్కరికే."

ఆ మాట దారంతా నాతోనే వచ్చింది.

జూన్ 24, సోమవారం

షాపుకి వెళ్ళాను, ఒక పూటకే. స్కూలు యూనిఫాంల సీజను. కటింగ్ మాస్టారు నా కుర్చీ కిటికీ పక్కకి జరిపించారు. షాపులో ఎవరి పేరూ ఎవరూ పిలవరు, ఎవరు ఏది కుడితే అదే పేరు. నేను బొత్తాల కాజాలు కుట్టే కాజాలమ్మని. పక్క మెషీన్ మీద కాలర్లావిడ.

కాజా కుట్టడానికి వంగితే బుడగ సరిగ్గా పని మీదకి వచ్చి కూర్చుంటోంది. గుండ్రంగా, నల్లటి అంచుతో. కోటు బొత్తాం అంత. బట్ట మీద పెట్టి చూసుకుంటే సరిగ్గా అంతే. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే అడిగారు, "ఎంతుంది?" "కోటు బొత్తామంత." క్యాలెండర్ మీద తారీకు గడిలో రాసుకున్నారు. తర్వాత బావగారికి ఫోన్ చేసి చెప్పారు. కోటు బొత్తాం అక్కడికి చేరింది.

కాలర్లావిడ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ అందరిముందూ అంది, "మా కాజాలమ్మ మనిషి కాదు, దేవత. నా తోడికోడలైతే తలనొప్పి మాత్ర కూడా పంచుకోదు."

అందరూ నా వైపు చూశారు. ఎప్పటిలాగే తల దించుకున్నాను. బుడగ వచ్చి డబ్బా మీద కూర్చుంది.

జులై 2, మంగళవారం

తారీకు ఖాయమైందని బావగారు చెప్పారు. ఇరవైతొమ్మిది. నేను వారం ముందు, ఇరవైరెండున చేరాలి. చివరి పరీక్షలు, తర్వాత ఒక గదిలో నాతో ఒంటరిగా మాట్లాడి సంతకాలు తీసుకుంటారట. "అది ఊరికే లాంఛనం తల్లీ, నువ్వేం కంగారుపడకు" అన్నారు.

ఆయన టికెట్లు తీశారు. "పదకొండు ఇరవైకి ఎక్కడం, పన్నెండున్నరకి దిగడం. ఎదురుగాలి ఉంటే ఇంకో అయిదు నిమిషాలు. ఇంటి తలుపు నుంచి ఆసుపత్రి తలుపుకి అయిదు గంటల ఇరవై." డిపోలో అందరికీ చెప్పారట. డ్రైవర్లంతా నాకోసం ఒక కార్డు మీద సంతకాలు చేసి పంపారు. నలభై మూడు సంతకాలు. బీరువా తలుపుకి అంటించారు. బట్టలు తీసిన ప్రతిసారీ చూడాలి.

ఇంటి తలుపు నుంచి ఆసుపత్రి తలుపుకి. ఆ గది తలుపుని ఆయన లెక్కలో వేసుకోలేదు.

జులై 9, మంగళవారం

ఇవాళ ప్రార్థనలో పొరపాటు జరిగింది. కళ్ళు మూసుకుని, అక్కని చల్లగా చూడు స్వామీ అని రోజూ అనుకునే మాటే అనుకుంటున్నాను. నాలుక దానంతట అదే ఇంకో మాట అంది. మెల్లగా కరిగించు స్వామీ. ఏం తొందర, మెల్లగా.

కళ్ళు తెరిచి లెంపలేసుకున్నాను. నేను కన్ను గురించే అడిగాను. తొందరగా కరిగితే పొర మళ్ళీ ఊడచ్చు కదా.

చొక్కా బొత్తామంత ఉంది.

జులై 12, శుక్రవారం

అద్దం ముందు చీర మార్చుకుంటుంటే చేయి నడుము వెనక్కి వెళ్ళింది, ఎడమవైపు. వాళ్ళు తీసేది అక్కడే. యాభై ఏళ్ళుగా అక్కడ ఒకటి ఉందని నాకెప్పుడూ గుర్తు లేదు. ఇప్పుడు కూర్చున్నా పడుకున్నా అదే గుర్తు. మెషీన్ తొక్కుతున్నప్పుడు కూడా అక్కడ వెచ్చగా ఉన్నట్టనిపిస్తుంది.

ఒంట్లో రెండున్నాయి, ఒకటి చాలు. అందరూ అదే చెబుతున్నారు. నిజమే.

జులై 15, సోమవారం

కఫ్ బొత్తాం. అంతకన్నా చిన్నది. సాయంత్రానికి రెండు ముక్కలైంది.

"రెండైందా? అంటే పెరిగినట్టా తగ్గినట్టా?" అని ఆయన. క్యాలెండర్ గడిలో రెండు చుక్కలు పెట్టారు.

జులై 16, మంగళవారం

పొద్దున కనబడలేదు. మధ్యాహ్నం కాజా మీద వంగితే ఉన్నట్టే అనిపించింది.

జులై 17, బుధవారం

ఉంది. ఆవగింజంత.

జులై 18, గురువారం

ఉంది.

జులై 19, శుక్రవారం

కంటి ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయనకి డ్యూటీ మారింది, సెలవు పెడతానంటే వద్దన్నాను. డాక్టరమ్మ మెషీన్‌లో చూసింది. ఇంకా కొంచెం ఉందంది. ఇంకో రెండు వారాలు విమానం వద్దంది. పట్టీ అలాగే ఉంచుకోమంది.

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన క్యాలెండర్ ముందు నిలబడి చాలాసేపు ఏమీ రాయలేదు.

జులై 20, శనివారం

నిన్న రాసింది అబద్ధం.

ఈ పుస్తకం చదివేది నేనొక్కదాన్నే. మరి ఎవరిని మోసం చేద్దామని రాశాను?

ఆసుపత్రికి వెళ్ళాను, అది నిజం. టోకెన్ తీసుకున్నాను. ముప్ఫై ఒకటి. బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలాయన తల వంచుకుని కూర్చుని ఉన్నాడు, కొత్తగా చేయించుకున్నాడు కాబోలు. ముప్ఫై పిలిచారు. ముప్ఫై ఒకటి పిలిచారు. "ముప్ఫై ఒకటి ఎవరండీ?" అని నర్సు బయటికొచ్చి కూడా అడిగింది. నేను నా చేతిలోని కాగితం మడిచాను. ముప్ఫై రెండు పిలిచారు. లేచి, వీధి చివరిదాకా నడిచి, అక్కడ ఒక గోడ నీడలో గంటసేపు నిలబడి ఇంటికి వచ్చేశాను.

బుడగ మంగళవారమే పోయింది. పొద్దున లేచి కిందికి చూస్తే, నాలుగో పలక పగులు అంచుతో సహా శుభ్రంగా కనబడింది.

చిన్నప్పటి నుంచీ నేను అబద్ధమాడనని అందరూ అంటారు. నిజమే, ఆడలేదు. ఎవరైనా ఏదైనా అడిగితేగా.

జులై 22, సోమవారం

పదకొండు ఇరవై. కాజాలు కుడుతూ గడియారం చూశాను. ఇప్పుడు ఎక్కుతుంది. పదకొండు నలభై, ఎక్కడం అయిపోయింది. పన్నెండు అయిదు, దిగడం మొదలు. పన్నెండున్నర, చేరిపోయింది. నేను కుర్చీలోనే ఉన్నాను. ఏ కాజా ఎక్కడ కోశానో చూసుకోలేదు, మూడు చొక్కాలకి తప్పు చోట కోసేశాను. పదిహేనేళ్ళలో ఇదే మొదలు.

మాస్టారు కోప్పడలేదు. "కన్ను కదమ్మా, పోనీలే" అన్నారు. కన్ను బాగానే ఉంది మాస్టారూ అని నోటిదాకా వచ్చింది.

జులై 25, గురువారం

అక్కకి జ్వరం. మెషీన్ గొట్టం పెట్టిన చోట చీము పట్టిందట. ఆసుపత్రిలో చేర్చారు.

జులై 26, శుక్రవారం

ఇది రాయలేనేమో. రాసి తీరాలి.

ఆయన బావగారితో స్పీకర్‌లో మాట్లాడుతుంటే విన్నాను. పోయినవాళ్ళ కిడ్నీల కోసం పేర్లు రాసుకునే వరుస ఒకటి ఉంటుందట. అక్క పేరు మూడేళ్ళుగా అందులో ఉంది. పై వరుసలోకి కూడా వచ్చింది. మార్చిలో నేను కలిశానని తేలగానే ఆ పేరు పక్కన పెట్టారట. ఇంట్లోనే దాత ఉన్నప్పుడు వరుస ఎందుకని.

"జూన్‌లో ఒకటి వచ్చిందండీ, సరిగ్గా కలిసేది" అన్నారు బావగారు. "వేరేవాళ్ళకి వెళ్ళింది. అయినా మనకేం, మన తల్లి ఉందిగా."

నేను వంటింట్లో ఉన్నాను. గిన్నె తోముతున్నదాన్ని తోముతూనే ఉన్నాను. కుళాయి కట్టలేదు.

నేను మాట్లాడకుండా కూర్చుంటే నా ఒంటికి ఏమీ కాదు, అక్క ఆపరేషన్ కాస్త ఆలస్యమవుతుంది అంతే, అనుకున్నాను. అక్క దారికి నేనే అడ్డంగా కూర్చున్నానని తెలీదు. వెళ్ళను, లేవను. అక్క నా పక్కనుంచి పోవడానికి కూడా లేదు.

స్వామి పటం ముందు కూర్చున్నాను. ఏమీ అడగబుద్ధి కాలేదు.

జులై 28, ఆదివారం

జ్వరం తగ్గిందట. పదింటికి అక్క చేసింది. ఆయన డ్యూటీలో ఉన్నారు. అక్క గొంతు సన్నగా, గోడ అవతలి నుంచి వచ్చినట్టుంది. జోకులేం లేవు.

"చిట్టీ, బుడగ ఉందా?"

నాలుగో పలక వైపు చూశాను.

"ఇదిగో, నువ్విలా నోరు మూసుకుంటే నీ బదులు నేను అర్థం చేసుకోవాలా? యాభై ఏళ్ళు చేశాను ఆ పని. ఇప్పుడు ఓపిక లేదు. ఉందా, పోయిందా?"

"పోయిందక్కా."

"ఎప్పుడు?"

"పదహారున."

అటువైపు ఎవరో బండి తోసుకుంటూ వెళ్ళిన చప్పుడు. అది దూరమయ్యేదాకా ఆగింది.

"పన్నెండు రోజులు" అంది. "భయమా?"

"మొదట భయమే అనుకున్నాను."

"మరి?"

"ఇవ్వాలని లేదక్కా."

అనేశాను. గది అలాగే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, అది కూత పెడుతోంది.

"ఎందుకని?"

"తెలీదు. నాది అనిపించింది."

"నీది అనిపించింది" అంది అక్క, మెల్లగా, రుచి చూస్తున్నట్టు. "నీ పెళ్ళిబట్టలు కొనడానికి వెళ్ళినప్పుడు ఏ రంగు కావాలే అంటే, నీ ఇష్టం అక్కా అన్నావు. ఉద్యోగం చేస్తావా అంటే నీ ఇష్టం. పిల్లలు పుట్టలేదు, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్దామా అంటే అదీ నీ ఇష్టమే. ఇన్నేళ్ళకి ఒక్క మాట నీ సొంతంగా అన్నావు. అది నా దగ్గరే మొదలుపెట్టాలటే?"

"క్షమించక్కా."

"ఇప్పుడు కుదరదు" అంది. "మార్చిలో అనుంటే, ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నాకు నాలుగు నెలలు పోయాయి. అవి నీవి కావు, నావి. పెట్టేస్తున్నా."

పెట్టేసింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

జులై 29, సోమవారం

ఆయనకి చెప్పాను. అన్నం తినేటప్పుడు చెప్పకూడదని, తినేదాకా ఆగి చెప్పాను. పూర్తిగా విన్నారు. లేచి చేయి కడుక్కుని వచ్చారు. మళ్ళీ వెళ్ళి మళ్ళీ కడుక్కున్నారు.

"డిపోలో నలభై మూడు మందికి చెప్పాను."

"తెలుసండీ."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మీ బావగారితో ఏమని మాట్లాడను? ఆవిడకి ఏమన్నా అయితే? ఒక్క మాట, ఒక్క మాట నాతో అనుంటే!"

"మీరు అడిగారా?"

ఆయనతో ఎప్పుడూ ఇలా మాట్లాడలేదు. గొంతు పెంచలేదు, అయినా ఆయన ఉలిక్కిపడ్డారు. కుర్చీలో కూర్చుని క్యాలెండర్ వైపు చూశారు. జూన్ నుంచి గళ్ళ నిండా బొత్తాలు, కోటువి, చొక్కావి, రెండు చుక్కలు.

అటే చూస్తూ అన్నారు, "లేదు. బండి సంగతి డ్రైవర్ని అడక్కుండానే గేటు దాటించేశాను."

లేచి వెళ్ళి పడుకున్నారు. కోపం ఉంది. ఉండనీ.

జులై 30, మంగళవారం

ఈసారి టోకెన్ పందొమ్మిది. పిలవగానే లేచాను. డాక్టరమ్మ చూసి, "ఎప్పుడో కరిగిపోయిందమ్మా, రెండు వారాల క్రితమే రావాల్సింది" అంటూ పట్టీ కత్తిరించింది. పొర చక్కగా అతుక్కుందట. విమానం ఎక్కచ్చంది.

సాయంత్రం బావగారి నుంచి ఒక మెసేజ్, ఆయనకి. అక్క పేరు మళ్ళీ వరుసలో పెట్టారు. కిందనుంచి కాదు, పాత చోటే ఇచ్చారట. నాకంటూ ఒక్క మాట లేదు.

ఆయనతో అన్నాను, "ఎల్లుండికి ఒక టికెట్ తీయండి."

"ఎందుకు? ఏమీ ఇవ్వనప్పుడు ఎందుకు వెళ్ళడం? ఏ మొహం పెట్టుకుని వెళ్తావు?"

"ఉన్న మొహం పెట్టుకునే వెళ్తాను."

తీశారు. తీసి, అలవాటు కొద్దీ, "పదకొండు ఇరవై" అన్నారు.

ఆగస్టు 1, గురువారం

కిటికీ సీటు. విమానం లేచినప్పుడు కుడికన్ను గట్టిగా మూసుకున్నాను. బుడగ లేదని తెలుసు, అయినా మూసుకున్నాను. తర్వాత తెరిచి కిందికి చూశాను. కొండలు కనబడ్డాయి. ఇన్నాళ్ళు మాకు అడ్డంగా ఉన్నాయని అందరం చెప్పుకున్న కొండలు పైనుంచి నలిగిన గుడ్డలా ఉన్నాయి. అవి దాటడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. లెక్కపెట్టాను. మిగతా సమయమంతా అక్కతో మొదట ఏ మాట అనాలా అని ఆలోచించాను. ఒక్కటీ దొరకలేదు.

విమానాశ్రయానికి ఎవరూ రాలేదు. టాక్సీ ఎక్కి ఆసుపత్రి పేరు చెప్పాను.

రెండో అంతస్తు. పొడుగాటి గది, రెండు వైపులా పెద్ద కుర్చీల్లాంటి మంచాలు, ఒక్కొక్కదాని పక్కన ఒక మెషీన్. గుమ్మంలో బావగారు ఎదురుపడ్డారు. నన్ను చూసి, దారి ఇచ్చి, వరండాలోకి వెళ్ళిపోయారు. నమస్కారం పెట్టాను, చూశారో లేదో తెలీదు.

అక్క కిటికీ వైపు మూడో మంచం. ఎంత చిక్కిపోయిందో. ముఖం రంగు మారింది, చేతులు మా అమ్మ చేతుల్లా ఉన్నాయి. ఫోన్‌లో ఆ గొంతు విని నేనెప్పుడూ మనసులో పాత అక్కనే చూసుకున్నాను. మెడ పక్కనుంచి ఎర్రటి గొట్టాలు మెషీన్‌లోకి వెళ్ళి వస్తున్నాయి. మంచం పక్కన నిలబడ్డాను. పైన ఫ్యాను, మూడు రెక్కలు.

అక్క ఫ్యాను వైపే చూస్తూ అంది, "ఎందుకొచ్చావు?"

"నిన్ను చూడడానికి."

"మనసు మారిందా?"

లేదు అనడం ఇంత కష్టమని నాకు తెలీదు. ఫోన్‌లో అన్నదానికన్నా ఇది కష్టం. అక్కని ఎదురుగా చూస్తూ అనాలి.

"లేదక్కా."

తల తిప్పి నన్ను చూసింది. కళ్ళు మాత్రం మారలేదు.

"నాకు కోపం పోలేదు" అంది. "పోతుందో లేదో కూడా చెప్పలేను. నువ్వొచ్చావని కరిగిపోతాననుకోకు."

"అనుకోవడం లేదు."

"ఎన్నాళ్ళుంటావు?"

"నువ్వు పొమ్మనేదాకా."

"నా ఇష్టమేనా మళ్ళీ?" అంది. పెదవి కొంచెం వంకరైంది. నవ్వో ఏడుపో చెప్పలేను. "నీకెన్నాళ్ళుండాలనుందో అది చెప్పు."

ఆలోచించాను. నిజంగా ఆలోచించాను.

"నీకు కబురొచ్చేదాకా ఉంటాను. వరుసలో."

"ఏడాది పట్టచ్చు. రాకపోవచ్చు."

"ఉంటాను."

అక్క మళ్ళీ ఫ్యాను వైపు తిరిగింది. "ఆ స్టూలు లాక్కుని కూర్చో. నిలబడితే నర్సు అరుస్తుంది. ఇంకా మూడు గంటలుంది."

కూర్చున్నాను. కాసేపటికి చలేస్తుందంది, దుప్పటి కప్పాను. ఒళ్ళోని ఈ పుస్తకంలో ఇప్పుడు రాస్తున్నాను. అక్క కళ్ళు మూసుకుంది. నిద్రో, నాతో మాట్లాడడం ఇష్టంలేకో. చేయి పట్టుకోవాలని ఉంది, పట్టుకోలేదు. దుప్పటి అంచు మాత్రం పట్టుకుని కూర్చున్నాను. అక్క దాన్ని లాక్కోలేదు.